కూతకు వెళ్ళిన కుడి చెయ్యి

2023లో గోపాలపట్నంలో రెండు గదులు అద్దెకు తీసుకుని స్పోర్ట్స్ మెడిసిన్ క్లినిక్ తెరిచాను. ఆటల్లో దెబ్బతిన్న కీళ్ళకు, కండరాలకు చేసే వైద్యం అది. ఆర్థోపెడిక్ సర్జన్లలో ఆడవాళ్ళే తక్కువ, అందులోనూ ఈ దారి పట్టినవాళ్ళు మరీ తక్కువ. పీజీ సీటు తీసుకునేటప్పుడు మా ప్రొఫెసరుగారు, "శుభ్రంగా గైనిక్ తీసుకోక నీకీ సుత్తులూ రంపాలూ ఎందుకమ్మా?" అన్నారు. నాకు సుత్తులే ఇష్టమని చెప్పి వచ్చేశాను. క్లినిక్ తెరిచిన కొత్తలో మోకాలు నొప్పితో వచ్చినవాళ్ళు నన్ను చూసి, "డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అని అడిగేవారు. ఆ డాక్టర్ని నేనేనని చెప్పగానే నొప్పి తగ్గిపోయినట్టు లేచి వెళ్ళిపోయేవారు.

ఆ వానాకాలంలో నూకరత్నం వచ్చింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. కబడ్డీలో రెయిడర్, అంటే ఎదుటి జట్టు మీదకు కూతకు వెళ్ళే పిల్ల. కుడిచేతిని చున్నీతో మెడకు కట్టుకుని ఉంది. శిక్షణ క్యాంపులో డాక్టరు బెణుకని చెప్పి పంపారట. వెంట వచ్చిన తల్లి పోలమ్మ హార్బరు దగ్గర చేపలమ్ముతుంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మొగ డాట్రు లేడేటి? ఇది ఎముకల పని. బలముండాల."

"బలం మిషన్లకుంటుందమ్మా. నాకు ఓపికుంటే చాలు."

"నీ సేతులు సూత్తే నా సేపల బుట్టయినా ఎత్తలేవు," అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ అన్నది నిజమే.

తెర వేసి, పిల్లను పడుకోబెట్టి, అప్రిహెన్షన్ టెస్ట్ చేశాను. చేతిని పక్కకెత్తి మెల్లగా వెనక్కి తిప్పుతాం. లోగడ జారిన భుజమైతే నొప్పి కంటే ముందు భయం వస్తుంది. నూకరత్నం ఎడంచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టేసుకుంది.

"ఇది మొదటిసారి కాదు కదూ?"

"కాదు మేడమ్. ఇంతకు ముందూ జారీసింది. మా జట్టు పిల్లలే లాగి ఎక్కించీసేవోళ్ళు."

"మరి క్యాంపు డాక్టరుకు చెప్పలేదేం?"

"ఆయన మొగాయన. జెర్సీ దించమంటే సిగ్గేసి, బెణికిందని సెప్పీసినాను. నిజం సెప్తే ఇంటికి పంపీసేత్తారని భయం కూడాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద అంటే చెప్పలేను. అయితే ఆ కోపం వెనకే పట్టలేనంత ఉత్సాహమూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఆ పిల్ల నాతో చెప్పింది. నేనీ దారి పట్టి మంచిపని చేశాననిపించింది.

ఎంఆర్ఐ తీస్తే లేబ్రమ్ ఊడి ఉంది. భుజం గుంత చుట్టూ ఉండే మెత్తటి అంచు అది. కుక్కరుకు గాస్కెట్ ఎలాగో భుజానికి అదలాగ. అది ఊడితే కీలు జారుతూనే ఉంటుంది. ఆర్థ్రోస్కోపీ చేయాలి, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, దారాలున్న యాంకర్లనే చిన్న మేకులతో ఆ అంచును ఎముకకు కుట్టాలి. పిల్లకు ఇవేవీ పట్టలేదు. వేసవిలో రాష్ట్ర జూనియర్ జట్టు సెలక్షన్లు. అవి తప్పితే జూనియర్స్ వయసు దాటిపోతుంది.

"మళ్ళీ కూతకెళ్తానా మేడమ్?"

"వెళ్ళాలనే కదా చేస్తున్నాను."

ఆపరేషన్ ఎంత బాగా కుదిరిందంటే, స్క్రీన్ మీద ఆ అంచు ఎముకను పట్టి బిగుసుకోవడం చూసి మాస్కులోంచే ఈల వేశాను. మత్తు డాక్టరుగారు నావైపు అదోలా చూశారు.

తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. మా ఫిజియో సునీత ఆ పిల్లను ఒక్కరోజు వదల్లేదు. చివరికి రెండు భుజాల బలం సమానమైంది, పరీక్షలన్నీ సరిపోయాయి. ఆడుకోమని అనుమతిచ్చాం. సెలక్షన్లు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నేనూ సునీతా రుషికొండ దగ్గర వాళ్ళు ఆడే మైదానానికి వెళ్ళాం.

చూస్తే, కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఎడంచెయ్యే చాపుతోంది. కుడిచెయ్యి డొక్కకు అంటించుకునే ఉంది. వెళ్ళినప్పుడల్లా దొరికిపోతోంది. కోచ్ నా పక్కకొచ్చి, "భుజం బాగైపోయిందన్నారు. ఇలాగైతే సెలక్షన్లకు పంపలేను మేడమ్," అన్నాడు.

పిల్లను పిలిచాను. "నొప్పా?"

"నొప్పేటీ లేదు మేడమ్. సాపితే ఊడొచ్చేత్తాదేమోనని భయమేత్తంది."

పరీక్షల సంగతంతా మళ్ళీ చెప్పాను. బుద్ధిగా తలూపి వెళ్ళి, మళ్ళీ ఎడంచెయ్యే చాపింది.

ఇక నావల్ల కాలేదు. చెప్పులు విప్పి, చున్నీ నడుముకు బిగించి కోర్టులోకి దిగాను. మెడికల్ కాలేజీలో నేను డిఫెండర్ని, కూతకొచ్చినవాళ్ళను పట్టేదాన్ని. ఆట వదిలి చాలా ఏళ్ళయింది.

"రా. కుడిచేత్తో నన్ను తాకు. నేను పట్టుకుని లాగుతాను."

"మీకు దెబ్బ తగుల్తాది మేడమ్."

"తగిలితే డాక్టర్ని నేనే ఉన్నాగా."

సునీత వద్దని సైగ చేస్తూనే ఉంది. నూకరత్నం కూత పెట్టి వచ్చింది. అటూ ఇటూ ఊగి, చివరికి కుడిచేతి వేళ్ళతో నా భుజం తాకింది. అంతే, మణికట్టు దొరకబుచ్చుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఆ భుజంలో ఉన్నవి నేను వేసిన కుట్లు. పిల్ల నా మొహంలోకి చూసింది. నేను వదల్లేదు.

అప్పుడు లాగింది చూడండి. అదే కుడిచేత్తో నన్ను బోర్లా పడేసి, మట్టిలో ఈడ్చుకుంటూ పోయి మధ్యగీత తాకింది. కూత ఆగనేలేదు. భుజం జారితే ఒట్టు.

"పాయింటు నాదే మేడమ్," అంది ఆయాసపడుతూ. "ఇంకోపాలి రండి."

సెలక్షన్లలో ఆ పిల్ల కుడిచేత్తోనే పాయింట్లు తెచ్చి జట్టులో చోటు సంపాదించింది. మైదానం గట్టుమీద అరిచి అరిచి నా గొంతు పోయింది.

భుజం కుట్టడం నాకు చదువు నేర్పింది. ఆ భుజాన్ని మనిషి నమ్మేదాకా వైద్యం అయిపోయినట్టు కాదని నూకరత్నం నేర్పింది. ఇప్పుడు నా దగ్గర సర్జరీ అయిన ఆటగాళ్ళందరికీ ఆఖరి చెకప్ మైదానంలోనే. నా కుట్టును లాగి చూడటానికి నేనే జంకితే, ఆ చెయ్యి చాపమని ఇంకొకరికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?