పావు అంగుళం

ఒకప్పటి మా పక్కింటి కాక చనిపోయారని ఆయన కొడుకు ఫోన్ చేసేసరికి నేను బడిలో తొమ్మిదో తరగతికి కంప్యూటర్ పాఠం చెబుతున్నాను. ఏడాదిగా ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ను నమిలేస్తోంది. ఈ కబురు వస్తుందని తెలుసు. అయినా బోర్డు మీద ఏం రాస్తున్నానో మరిచిపోయాను.

గోదావరిఖని కాలనీలో మా రెండు క్వార్టర్లకు మధ్య ఒకటే గోడ ఉండేది. బాబాయి వరసతో మేం కాక అని పిలిచే ఆయన బొగ్గుగని సర్వే ఆఫీసులో ప్లాన్లు గీసి రిటైరయ్యారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. క్రిస్మస్ కేకును కూడా దానితో కొలిచి కోసేవారు. మేం నవ్వితే, "తక్కువొచ్చినోడు నవ్వడు బిడ్డా" అనేవారు.

ఓపెన్‌కాస్టు గని తవ్వకం కోసం కాలనీ ఖాళీ చేయమన్నప్పుడు, కాక ఒక్కో కుటుంబాన్నీ వాళ్ల గడప ముందు నిలబెట్టి ఫోన్‌తో ఫొటోలు తీశారు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని, ఓపిగ్గా, పేరుపేరునా పిలిచి తీశారు. వాటిని ఫొటో ల్యాబులో ప్రింటు వేయించి ఇల్లిల్లూ తిరిగి పంచారు.

ఎదురు వరుసలో ఒక అవ్వ ఉండేది. కొడుకు, కోడలు, మనవలు గడపలో నిలబడితే, ఆమె పక్కన అరుగు అంచున కూర్చుంది. ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అందరున్నరు. నేనేడున్న, కొడుకా?"

ఫొటో అంచున ఆమె చేతికర్ర, రెండు వేళ్లు మాత్రమే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే కాక మా ఇంటికి వచ్చారు. "నా ఫోన్ల అవ్వ ఉన్నది బిడ్డా. కాయితం మీద లేదు. ఎట్ల పోయింది?"

ఫోన్ ఫొటో వెడల్పు ఎత్తుల లెక్క మూడుకు నాలుగని, ప్రింటు కాగితానిది రెండుకు మూడని చెప్పాను. నేను ముగించకముందే ఆయన స్కేలు తీసి కాగితం మీద గీశారు.

"ఫొటో ఎత్తు ఆరంగుళాలైతే వెడల్పు నాలుగున్నర రావాలె. కాయితం నాలుగే. అంటే ఈ దిక్కు పావు, ఆ దిక్కు పావు. అవ్వ ఆ పావుల ఉన్నది."

కంప్యూటర్‌లో క్రాప్ చేయడం, అంటే ఫొటో అంచులు కోయడం, చూపించాను. నిష్పత్తి రెండుకు మూడని ముందే బిగించుకుంటే చట్రం ఎటు జరిపినా కొలత తప్పదన్నాను. కానీ ఆ ఫొటోలో అవ్వను లోపలికి తెస్తే అవతలి వైపు మనవడు తెగిపోతున్నాడు. ఇద్దరూ పట్టేలా ఫొటోనే పక్కల నుంచి నొక్కి చూశాను. కాక నా చెయ్యి ఆపారు. "గట్ల నొక్కకు బిడ్డా. అవ్వ మొఖం అది కాదు."

చివరికి ఫొటోను పూర్తిగా ఉంచి, పైనా కిందా తెల్లటి పట్టీలు వదిలాం. "కాయితం ఖాళీగ మిగిలినా మంచిదే, మనిషి మిగలాలె" అన్నారాయన.

ఆ ప్రింటు వచ్చేలోపే కాలనీ చెదిరిపోయింది. మేమూ కాకవాళ్లూ టౌన్‌లో వేరువేరు గల్లీల్లో అద్దెకు దిగాం. అవ్వ కొడుకు కుటుంబం కాసిపేటకు వెళ్లిపోయింది. కాక నన్ను తోడు తీసుకుని బస్సులో వెళ్లారు. మేం చేరేసరికి అవ్వ పోయి పది రోజులైంది. కోడలు ఫొటో అందుకుని, అవ్వ ముఖాన్ని కొంగుతో తుడిచి, "మంచిగున్నది కాకా" అంది. తిరుగు బస్సులో ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "పావు అంగుళం బిడ్డా."

ఆ తర్వాత ఆయన మిగిలిన ఇళ్ల ఫొటోలన్నీ మొదటి నుంచి సరిచేశారు. కొడుకు పాత కంప్యూటర్ ముందు, దగ్గుకుంటూ, రోజుకొకటి. "కోసేదేదో మనమే సూసి కొయ్యాలె. మిషన్‌కు ఇడ్సిపెడితే దానికి మనుషులెరుక లేదు" అనేవారు. నేను ఆ మాటను పిల్లలకు ప్రతి క్లాసులోనూ చెబుతాను. ఎవరిదో మాత్రం ఇన్నాళ్లూ చెప్పలేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక వాళ్లింటికి వెళ్లాను. కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. తెర మీద ఆయన ఆఖరికి మిగుల్చుకున్న ఫొటో: వాళ్ల పాత క్వార్టరు గడప, గడపలో కాక భార్య, మా చిన్నమ్మ. ఆమె చుట్టూ సగం జరిపి వదిలేసిన క్రాప్ చట్రం. ఆపుదామని చెయ్యి చాపాను.

"ఉండనియ్యి బిడ్డా. ఆయన చేసుకుంట చేసుకుంట ఆయాసమచ్చి లేసిండు" అంది చిన్నమ్మ.

నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి తెర దానంతటదే నల్లబడింది. చిన్నమ్మ మౌస్ మీద వేలు పెట్టి కొంచెం కదిలించింది. గడప మళ్లీ వెలిగింది. అది నల్లబడినప్పుడల్లా ఆమె అలా కదిలిస్తూనే ఉంది.