బాలకోటయ్య గుల్లసున్నం

గురజాల బజారులో బాలకోటయ్య సున్నానికి మంచి పేరుండేది. పక్కనే పిడుగురాళ్ల బట్టీల్లో రాతిసున్నం గుట్టలుగా కాలేది గానీ అది గోడలకే. ఆకూ వక్కా వేసుకునేవాళ్లకు రాతిసున్నం నోరు పొక్కిస్తుంది. వాళ్లకు నత్తగుల్లలు కాల్చి తీసిన సున్నమే కావాలి. అది వెన్నలా ఉంటుంది. ఊరి చివర చిన్న బట్టీలో గుల్లలు కాల్పించి, కొట్లో కుండకెత్తి అమ్మేవాడు బాలకోటయ్య.

ఆయన జీవకారుణ్యం ఊరంతటికీ తెలుసు. బెల్లం దిమ్మకు చీమలు పడితే దులిపేవాడు కాదు. పక్కన చిటికెడు పంచదార పోసి, అవి దాని మీదికి మళ్లేదాకా కూర్చునేవాడు. ఆలోగా బేరమొస్తే, "కాసేపాగి రండి, చీమలు కదులుతున్నాయి" అని తిప్పి పంపేవాడు. వాకిట్లో కోడిగుడ్డు పెంకు కనిపిస్తే మళ్లీ స్నానం చేసేవాడు. మరి గుల్లల సంగతి ఏమిటని ఎవరైనా అడిగితే, "నత్త దాని ఆయుష్షు తీరి అది పోతుంది. అది వదిలేసిన ఇల్లు నేను తెచ్చుకుంటున్నా" అనేవాడు.

గుల్లలు తెచ్చేది కాలువగట్టు గుడిసెల్లో ఉండే పోలమ్మ. సాగర్ కాలువ వచ్చాక ఆ పక్క నత్తలకు కొదవ లేదు. వానాకాలం తెచ్చే గోనెలు తేలిగ్గా ఉండేవి. ఎండాకాలం గోనెలు బరువు తూగేవి. బరువుగా ఉంటే గుల్ల గట్టిదని బాలకోటయ్య వాటికే మొగ్గు చూపేవాడు. వాటిని కాల్చినప్పుడు ముక్కు పగిలే వాసన వచ్చేది. నాచు వాసనని ఆయనే తేల్చేశాడు.

ఎనభై నాలుగు మే నెలలో ఒకనాటి సాయంత్రం గాలివాన వచ్చి, కొట్టు వెనకాల గుల్లలు దాచిన గదికి ఒక రేకు లేచిపోయింది. తెల్లవారి తలుపు తీసిన ఆయన భార్య సుందరమ్మ అక్కడే నిలబడిపోయింది. తడిసిన గోనెల్లోంచి నత్తలు బయటికి పాకుతున్నాయి. గోడ మీద నత్తలు, తక్కెడ పళ్లెంలో నత్తలు. పచ్చడికని ఆమె తెచ్చిపెట్టిన గోంగూర కట్ట మీద అయితే ఆకు కనపడటం లేదు.

"ఏమండీ, మీ ఖాళీ ఇళ్లలోకి మనుషులొచ్చారు. వచ్చి చూడండి" అంది.

బాలకోటయ్య వచ్చి చూసి గడప మీదే చతికిలబడ్డాడు. వాళ్లమ్మాయి శ్యామల సత్తెనపల్లిలో ఇంటర్ బైపీసీ చదువుతూ సెలవులకొచ్చి ఉంది. ఆ పిల్ల ఒక నత్తను చేతిలోకి తీసుకుని సంబరంగా చెప్పింది.

"దీనికి మొప్పా ఉంటది, ఊపిరితిత్తీ ఉంటది నాన్నా. నీళ్లున్నప్పుడు మొప్పతో, లేనప్పుడు ఊపిరితిత్తితో గాలి పీలుస్తది. కాలువ ఎండిపోతే బురదలో దూరి, మూత బిగించుకుని పడుకుంటది. మళ్లీ తడి తగిలితే లేస్తది."

"అంటే ఇవి చావలేదంటావా?"

"నిద్రపోతున్నాయి అంతే."

"మరి బట్టీలో వేసినప్పుడు?"

శ్యామల చేతిలోని నత్తను మెల్లగా గోడ మీద పెట్టింది.

బాలకోటయ్య పోలమ్మకు కబురు పెట్టాడు.

"ఏమే పోలమ్మా, బతికున్నవాటిని తెచ్చి పోస్తావటే?"

"ఎండాకాలం బురద తవ్వితే అయ్యే వస్తయి శెట్టిగారా. వానల్లో అయితే ఉడకబెట్టి, ముల్లుతో కండ పీక్కుని కూరొండుకుంటాం, ఉత్త గుల్లలు మీకిస్తాం. ఎండల్లో తిండి లేక అయ్యి చిక్కిపోతయి. పీకినా ఏముండిద్ది? అందుకే మూతలతోనే తెస్తన్నా. బరువు తూగినయ్యని మీరూ బాగానే తీసుకున్నారుగా."

ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. గదిలో ఉన్న ప్రతి నత్తనూ ఏరించి, రిక్షా మీద కాలువకు తీసుకెళ్లాడు. కాలువకు నీళ్లు కట్టేసి ఉన్నా, తూము కింద మడుగులో నీళ్లున్నాయి. నత్తలన్నిటినీ తన చేత్తోనే అందులో వదిలి, దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి తలంటుకున్నాడు. సాయంత్రానికి ఈ సంగతి బజారంతా పాకింది. ఎదురు కొట్టు కామేశం వచ్చి, "నీ అంత ధర్మాత్ముణ్ణి నేను చూడలేదయ్యా" అని చేతులు పట్టుకున్నాడు.

మడుగు సంగతి కాలువగట్టుకూ పాకింది. బురద తవ్వే పని లేకుండా నత్తలన్నీ ఒక్కచోట కుప్పగా దొరికితే ఎవరూరుకుంటారు? చిక్కినవైనా అన్నేసి ఉంటే కూరకు సరిపోతాయి. గుడిసెలన్నీ ఆ రెండు రోజులూ ఘుమఘుమలాడాయి. మూడోనాడు పోలమ్మ గోనెలతో కొట్టు ముందు దిగింది.

"ఈసారి అన్నీ ఉత్తయ్యే. మూత ఉన్నది ఒక్కటి చూపించండి, మళ్లా మీ గడప తొక్కను."

బాలకోటయ్య ఒక గుల్ల తీసి చెవి దగ్గర ఆడించాడు. వేలు పెట్టి చూశాడు. శుభ్రంగా ఉంది, ఉడికించి కడిగినట్టు ఉంది. ఎక్కడివని అడగడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"లోపల పెట్టు" అన్నాడు.

ఆ నెలలోనే కొట్టుకు కొత్త బోర్డు వచ్చింది. "ఇచ్చట జీవహింస లేని శుద్ధమైన గుల్లసున్నము లభించును" అని పెయింటరు నీలిరంగుతో గుండ్రంగా రాశాడు. మాచర్ల నుంచి, నరసరావుపేట నుంచి కూడా నియమనిష్ఠలున్న ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. బేరం పెరిగింది. బేరంతో పాటు గుల్లల అవసరమూ పెరిగింది. పోలమ్మ తన చెల్లెలు రత్తమ్మను కూడా పనిలోకి దించింది. ఇప్పుడు ఎండాకాలం నత్తలను కూడా ఓపిగ్గా ఉడకబెట్టి, ముల్లుతో పీకి తెస్తున్నారు. మూత ఉన్న గుల్లను శెట్టిగారు ముట్టరు మరి.

"ఆ బోర్డు మీద ఏం రాయించారు?" అని పోలమ్మ ఒకసారి అడిగింది. ఆయన చదివి వినిపించాడు. ఆమె కాసేపు దానివంక చూసి, "మంచి మాటే" అంది. నిజంగానే అంది.

బాలకోటయ్య కొట్టు ఇంకా బాగా సాగింది. శ్యామల డిగ్రీలో చేరింది. సుందరమ్మకు భోజనమయ్యాక ఆకు వేసుకునే అలవాటు పోలేదు. అయితే ఆమె సున్నపు కాయలో పిడుగురాళ్ల రాతిసున్నం ఉండేది, కామేశం కొట్లో కొన్నది. నోరు పొక్కితే కాసిని మజ్జిగ పుక్కిలించేది. ఎందుకలా చేస్తున్నావని బాలకోటయ్య ఎన్నడూ అడగలేదు.