ఎనిమిది ఓమ్‌ల చల్లదనం

మేముండే ఎడారి ఊరు చాండ్లర్ ఎండలో ఇవాళ నా కారు ఆంప్లిఫయర్ రెండు పాటలకే వేడెక్కి ఆగిపోయింది. గరాజ్‌లో డిక్కీ తెరిచి దాన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, మమ్మల్ని చూడటానికి వచ్చిన మా అత్తగారు మజ్జిగ తెచ్చారు.

“ఎందుకు బాబూ అంత కోపం?”

“స్పీకర్లు రెండూ ప్యారలల్‌లో కనెక్ట్ చేశానత్తయ్యా. రెండు ఓమ్‌లే వస్తున్నాయి. కరెంట్ ఎక్కువ లాగేసి, పాటకి వెళ్లాల్సింది వేడికి పోతోంది. సిరీస్‌లో పెడితే ఎనిమిది ఓమ్‌లు. సౌండ్ తగ్గుతుంది గానీ చల్లగా ఉంటుంది.”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “రెండు ఓంకారాలకి వేడి, ఎనిమిదింటికి చల్లదనం! పెళ్లైన దగ్గర్నుంచీ కోపమొచ్చినప్పుడల్లా మీ మామగారికి ఇదే చెప్తున్నా, వింటేనా?”

ఆ ఓమ్ దేవుడిది కాదని, వైర్లలో కరెంట్‌కి తగిలే అడ్డుకి కొలత అని చెప్పబోయాను. కానీ మజ్జిగ బాగుంది, ఇంకో గ్లాసు అడిగాను.

వైర్లు మార్చాక సాయంత్రం అందరం సరుకులకి బయల్దేరాం. ఆంప్ చల్లగా పాడుతోంది. ఫ్రీవే మీద ఒకడు సిగ్నల్ ఇవ్వకుండా నా ముందుకు దూరాడు. నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి అత్తగారి గొంతు మెల్లిగా వినిపించింది.

“ఎనిమిది, బాబూ.”

పాత సౌండే ఉంటే ఆ మాట నాకు వినపడేదే కాదు! అయిదో ఓంకారానికి నా కోపం దిగింది. మీకెన్ని పడతాయి?