పక్కవాళ్ళ మైకులో మా పెద్దాయన

మా పెద్దాయన సన్మాన సభను ఒంటిచేత్తో ముంచబోయిన ఘనత నాది. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ రోజు మిర్యాలగూడలో భూమి చీలితే చెప్పులతో సహా దూరిపోయేదాన్ని.

పెద్దాయన అంటే మా ఎమ్మెల్యే, మా పార్టీ నాయకుడు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు గెలవడం మొదలుపెట్టి, అది పూర్తిగా నెరిసేదాకా గెలిచాడు. ఇక పోటీ చేయనని చెప్పడంతో పార్టీవాళ్ళు సభ పెట్టారు. "సదువు నేర్సుకున్నవ్ గద లచ్చమ్మా, ఆడోళ్ళ తరపున నువ్వే మాట్లాడాలె" అన్నాడు నాతో. నేరేడుచర్ల దగ్గర మా ఊళ్ళో పెద్దవాళ్ళకు బడి పెట్టించింది ఆయనే. మోకాళ్ళ నొప్పులు వచ్చాక నేను 'అ' దిద్దింది అక్కడే. అందుకే ఆయన వింటుండగా ఆయన గురించి నాలుగు మాటలు చెప్పడం నాకు పదో తరగతి పరీక్షంత పని.

ఆడవాళ్ళందరం ట్రాక్టరెక్కాం. కొత్తగా చదువొచ్చిన మనిషి ఊరుకుంటుందా? ఎరువుల కొట్టు, పళ్ళ డాక్టరు, రైసు మిల్లు, ఏ బోర్డునూ వదలకుండా గొంతెత్తి చదివాను. మా వదిన యాదమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుంది. మిర్యాలగూడలోకి వచ్చాక మాత్రం మనసులో ఉపన్యాసం తిప్పుకుంటూ కూర్చున్నాను. ఎర్రజెండాలు కనబడ్డాయి. "ఆపు, ఇదే" అన్నాను.

"జర ఆ బ్యానర్ సదువు. ఇయ్యాల రెండు మీటింగులున్నయంట" అంది వదిన.

"ఎర్రజెండా మనది గాకపోతే ఎవలది వదినె? దిగు."

మీకు చెప్పాలి, మా వైపు ఎర్రజెండా పార్టీలు రెండు. దూరం నుంచి కవలలు, దగ్గరికెళ్తే దాయాదులు.

వేదిక దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్నాయన ఆపాడు. "నీ పేరు మాకు చెప్పలేదమ్మా."

"పెద్దాయనే చెప్పిండు. అడుగుపో."

వాళ్ళ నాయకుణ్ణి కూడా పెద్దాయననే పిలుస్తారని నాకేం తెలుసు? బ్యాడ్జీ ఆయన పక్కకు జరిగాడు. మా పెద్దాయన వేదిక మీద లేడు. ఆర్టీసీ బస్సులో వచ్చే మనిషి, ఆలస్యమై ఉంటుందనుకుని మైకు అందుకున్నాను.

పెద్దల పేరు పలకడం మాకు అలవాటు లేదు. అందుకే "మా పెద్దాయన" అంటూనే చెప్పుకుపోయాను. సైకిల్ మీద ఊరూరూ తిరగడం, మొదటిసారి ఓడిపోయినా మర్నాడే మళ్ళీ సైకిలెక్కడం, చివరి పొలాలకు కాలువ నీళ్ళు వచ్చేదాకా కట్టమీదే కూర్చోవడం, ఇన్నేళ్ళ ఎమ్మెల్యే పదవి తర్వాత కూడా అదే పెంకుటిల్లు. చెప్పేకొద్దీ చప్పట్లు. నాకు ఒళ్ళు పొంగి, చివర్లో అలవాటు మరిచి, ఆయన పేరుతోనే పిడికిలెత్తాను.

"ముత్తన్నా..."

"జిందాబాద్" అన్నారు అందరూ. అన్నాక ఆలోచించారు.

పెళ్ళిలో కరెంటు పోయినట్టయింది. అప్పుడు వెనక్కి తిరిగి బ్యానరు చదివాను. అక్షరాలు నా అంత ఉన్నాయి. అది ఆ రెండో ఎర్రజెండా పార్టీ సభ. వాళ్ళ పెద్దాయన లేచి వచ్చి మైకు అందుకున్నాడు.

"సెల్లె అబద్ధం చెప్పలే. ఆ కాల్వకట్ట మీద ఆయన పక్కన కూసున్నది నేనే. ఇగ పో తల్లీ, ఆడ ఎదురుసూస్తుంటడు."

రెండు వీధుల అవతల మా సభకు దొంగలా తల దించుకుని వెళ్ళాను. పెద్దాయన వేదిక మీద కళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వో, ఏడుపో తెలియలేదు.

"తప్పయింది పెద్దాయనా. నా మాటలన్నీ ఆడనే ఖతమయినయ్."

"మన మైకు ఆపిచ్చి మరీ విన్న లచ్చమ్మా. మనది పక్క వీధికే ఇనపడదు. వాళ్ళ మైకుల చెప్పినవ్ గనుకే ఊరంత విన్నది."

పక్క పార్టీ చేత మా నాయకుడికి జిందాబాద్ కొట్టించిన మనిషి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో నేను తప్ప ఇంకొకరుంటే చూపించండి. అయినా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. బ్యానరు మొదటి అక్షరం నుంచి కింద ప్రెస్సువాడి పేరు దాకా చదవనిదే ట్రాక్టరు దిగను. మైకు మరీ మంచిదైతే మాత్రం, దిగాకే చదువుతాను.