తుడవని బోర్డు

జర్మన్ పాఠాలు చెప్పిన మా మేడం పోయారని మొన్న ఆదివారం యూనివర్సిటీ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. సీతాఫల్‌మండిలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని విన్నాను. "సరే" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

నేను పల్లె బడిలో అయిదో తరగతి దాకా చదివాను. విశ్వవిద్యాలయంలో జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషల మీద, ఆ జనం సంస్కృతుల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి ఉండేది. మేడం దానికి డైరెక్టరు. నేను అటెండర్‌ని. తలుపులు తీయడం, గంట కొట్టడం, బోర్డు తుడవడం నా పని.

చివరి రెండేళ్లు ఒక్క విద్యార్థీ చేరలేదు. అయినా పదింటికి నేను గంట కొట్టాల్సిందే, ఆమె పాఠం చెప్పాల్సిందే.

"ఎవ్వరు లేరు గదా మేడం," అన్నానొకరోజు.

"నువ్వున్నావుగా. కూర్చో."

ఆ ఆవరణలో నన్ను కూర్చోమన్నది ఆమె ఒక్కరే. బెంచీ చివర కూర్చున్నాను. ముక్క అర్థమయ్యేది కాదు. ఆఖర్న మాత్రం తెలుగులో చెప్పేవారు, ఇది ఒక తల్లి కొడుక్కి రాసిన ఉత్తరమనో, ఇది ద్రాక్ష కోసేవాళ్ల పాటనో. వాచ్‌మన్ కిటికీలోంచి చూసి, "ఏందే అన్నా, ఈ వయసుల జర్మనీ పోతవా?" అనేవాడు.

"ముందు నిన్ను పంపిస్తానుండు. అక్కడా గేటు కాద్దువుగాని," అని మేడం నవ్వేవారు.

ఒకనాడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. విద్యార్థులెందరో రాసి పంపాలి. ఎవరూ లేకపోతే మూసేస్తారు. కాగితం తెచ్చిన క్లర్కే మెల్లగా అన్నాడు, "ఓ నలుగురి పేర్లు రాయుండ్రి మేడం. ఎవ్వరు చూస్తరు?"

"రాయుండ్రి మేడం," అని నేనూ నోరు తెరిచాను.

ఆమె పెన్ను మూత తీశారు. "లేనివాళ్లని రాస్తే, ఒకప్పుడు నిజంగా వచ్చి చదువుకున్నవాళ్ల పేర్లకి విలువేముంటుందయ్యా?" అని సున్నా చుట్టారు.

నెల తిరక్కుండానే మూసేశారు. చివరి పాఠమయ్యాక నేను డస్టర్ తీస్తే, "ఇవాళొద్దులే," అన్నారు.

మేడంకి జబ్బు చేశాక ఒకసారి కార్ఖానా బస్తీలో వాళ్లింటికి వెళ్లాను. "మన పుస్తకాలు ఎలా ఉన్నాయి?" అని అడిగారు.

"మంచిగున్నయ్ మేడం. బీరువాలల్ల పెట్టిండ్రు."

నిజానికి సంస్థ బిల్డింగు మెట్ల కింద గోనెసంచుల్లో వాటిని చెదలు తింటున్నాయి. ఆమె నా ముఖం వంక చూశారు. "టీ తాగి వెళ్లు," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఫోన్ వచ్చిన మర్నాడు మేడం సమాధి మీద పిడికెడు మట్టి వేసి, అటునుంచటే ఆ బిల్డింగుకి పోయాను. వాచ్‌మన్ తలుపు తీశాడు. విరిగిన కుర్చీల వెనక బోర్డు అలాగే ఉంది. మేడం రాసిన ఆఖరి వరుస కూడా. అది ఏ భాషో నేను ఎన్నడూ అడగలేదు. బయట వాన. స్లాబు కారుతోంది. నీటిచార ఒక్కో అక్షరం మీదుగా దిగి, నేల మీద తెల్లగా చుక్కలు రాలుస్తోంది.