మా నాన్న జడ గుంట, నా మీసాల మామయ్య

మా నాన్నకు మీసాలుండేవి. అవి మామూలు మీసాలు కావు. ఆఫీసులో ఫైళ్ళు కూడా వాటికి భయపడే కదులుతాయని అమ్మ అనేది. అలాంటి మనిషి ప్రతి ఆదివారం భోజనం కాగానే లుంగీ ఎగ్గట్టుకుని, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎర్ర రిబ్బను కట్టిన జడతో ఒక ఆడపిల్ల అయిపోయేవాడు. పక్కన కూర్చున్న నేను బొర్రా మీసాలూ ఉన్న పహిల్వాన్ని అయిపోయేదాన్ని. ఇద్దరం ఒకరినొకరం చావబాదుకునేవాళ్ళం.

ఇది ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, తొంభైల మధ్యలో సంగతి. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. టీవీకి తగిలించి ఆడే ఆ గేము నాన్నే గోల్‌బజారు నుంచి తెచ్చాడు. "గుంటకి తెలివి పెరుగుతాదట" అని అమ్మతో చెప్పాడు. మావాళ్ళ మాటలో గుంట అంటే ఆడపిల్ల. తెలివి ఎవరికి పెరిగిందో గానీ, రెండు రిమోట్లలో ఒకటి మాత్రం ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉండేది.

దాంతో వచ్చిన క్యాసెట్లలో ఒక్కటే పనిచేసేది. అదీ అడుగున నోటితో గట్టిగా ఊదితేనే. తెర మీద రాతలన్నీ జపాను లిపో చైనా లిపో, మాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. తన్నుకునేవాళ్ళు ఆరుగురు. అయిదుగురు మగవాళ్ళు, ఒక్కతే పిల్ల. ఒకరు పుచ్చుకున్న బొమ్మను రెండోవాళ్ళు పుచ్చుకోవడానికి లేదు. మొదటి వారం నాన్న అయిదుగురు మగవాళ్ళనూ వరసగా పరీక్షించి, అయిదుగురితోనూ ఓడిపోయి, చివరికి మొహమాటపడుతూ ఆ పిల్లను పట్టాడు. అంతే, ఇక వదల్లేదు.

"ఈ గుంట తేలిగ్గా ఉంటాదే. గాల్లో రెండుసార్లు తిరిగి మరీ తంతాది" అన్నాడు, కొత్తగా షెడ్డుకొచ్చిన ఇంజను గురించి చెప్పినట్టు. గెలిచినప్పుడల్లా ఆ పిల్ల చేతులెత్తి గంతులేసేది. నాన్న భుజాలు కూడా తనకు తెలియకుండానే రెండంగుళాలు లేచేవి.

నాకా పిల్లతో పని లేదు. ఆడపిల్లగా వారమంతా పొద్దస్తమానం ఉంటూనే ఉన్నాను, ఆదివారం కూడానా? కాళ్ళు దగ్గర పెట్టుకో, గట్టిగా నవ్వకు, గుమ్మంలో నిలబడకు. ఇవన్నీ వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది. నా మీసాలాయన మాత్రం ఒక కాలు ఈ ప్లాట్‌ఫారం మీద, ఒక కాలు ఆ ప్లాట్‌ఫారం మీద పెట్టినట్టు నిలబడేవాడు. ఆయన్ని ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగరు. కొన్నాళ్ళకు నేనూ ఇంట్లో అలాగే నడవడం మొదలుపెట్టాను.

"ఏటే ఆ నడక? అరికాల్లో ముల్లు గాని గుచ్చుకుందేటి?" అంది అమ్మ.

అసలు చిక్కంతా అమ్మ ఒకరోజు పప్పు గరిటెతో వచ్చి తెరవంక తేరిపార చూడడంతో వచ్చింది. "ఓలమ్మో! అచ్చం మా అన్నియ్యే!" అంది. నిజంగానే పహిల్వానుకు మా మేనమామ పొట్టే, మా మేనమామ మీసమే. ఆ మాట విన్నాక నాన్న ఆట తీరే మారిపోయింది. పెళ్ళిలో మా మామయ్య విడిదింటికి చల్లారిన కాఫీ పంపించాడన్న కోపం నాన్నకు పదిహేనేళ్ళయినా చల్లారలేదు. అప్పటిదాకా గెలవడానికి తన్నినవాడు, ఇప్పుడు గెలిచాక కూడా నాలుగు తన్నేవాడు.

"ఏవండీ, మా అన్నియ్యని కడుపులో అలా తన్నడానికి మీకు కాళ్ళెలాగొచ్చినాయి?"

"నానేటి చేసినాను? గుంట తన్నింది" అనేవాడు నాన్న, అమాయకంగా.

ఇంతకీ ఈ యుద్ధంలో నా ప్రాణం ఒక సైకిలు మీద ఉండేది. మా పెద్దమ్మ కూతురు పెళ్ళయి వెళ్ళిపోతూ వదిలేసిన లేడీస్ సైకిలు మా వరండాలో ఉండేది. దాని మీద తడి తువ్వాళ్ళు తప్ప ఎవరూ ఎక్కేవారు కాదు. దాని మీద బడికి వెళ్ళాలని నా కోరిక. నాన్నేమో నన్ను తన సైకిలు వెనక క్యారియరు మీద కూర్చోబెట్టి దింపేవాడు. అప్పటికే నా కాళ్ళు నేలకు రాసుకుంటున్నాయి. నా క్లాసు బెంగాలీ పిల్లలు గంటలు మోగించుకుంటూ పక్కనుంచి పోయేవారు. నేను బియ్యం బస్తాలా నాన్న వెనక. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అడిగితే, "దార్లో లారీలుంటాయి, ఆవులుంటాయి" అని, గొంతు తగ్గించి "కుర్రాళ్ళుంటారు" అనేవాడు. నేను రోజూ పోరుతూంటే ఒక ఆదివారం, "సరే, నన్నొక్కసారి ఓడించు. సైకిలెక్కు" అన్నాడు. పెద్దవాడు కాబట్టి బొమ్మను ముందుగా ఎంచుకునే హక్కు తనదేనట. ఇంకేముంది, తొమ్మిది ఆదివారాలు జడ గుంట మా మామయ్యను చితక్కొట్టింది. అమ్మ కూడా విసిగిపోయి, "మా అన్నియ్యకి ఈ జన్మలో మంచిరోజు లేదు" అనేసింది.

పదో ఆదివారం వాన. క్యాసెట్టు ఊది పెట్టామో లేదో, తలుపు తోసుకుని బొడోబాబు వచ్చాడు. నాన్న సెక్షనుకు పెద్ద, బెంగాలీ ఆయన. వాన తగ్గేదాకా కూర్చుందామని వచ్చాడు. నాన్న గబుక్కున లుంగీ దించి, రిమోటు పేపరు కింద దాచాడు. కానీ టీవీని ఏ పేపరు కింద దాస్తాడు?

"ఆరె, ఖేలా! బంద్ చెయ్యొద్దు, ఆడు, ఆడు" అని బొడోబాబు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తెలుగువాళ్ళ మధ్య నౌకరీ చేసీ చేసీ మా మాట కాస్త పట్టుబడింది ఆయనకు.

నాన్న వేలు అలవాటుగా జడ గుంట మీదికి పోయింది.

"ఏటి బాబూ! నువ్వు ఆడోళ్ళని తీసుకుంటావా?" అని బొడోబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు.

నాన్న చెవులు ఎర్రబడిపోయాయి. "నహీ దాదా, చెయ్యి జారింది" అని పక్కకు జరిగి, అందరికన్నా కండలు తిరిగినవాణ్ణి పట్టాడు. నాన్న నావైపు ఒకసారి దీనంగా చూశాడు. నేను చూడనట్టు నటించాను.

కండలవాడికి ఏ బటను నొక్కితే ఏం చేస్తాడో నాన్నకు గుర్తే లేదు. జడ గుంట బటన్లే నొక్కాడు. వాడు ఎగరడు, తిరగడు, ఉన్నచోటే గుంజీళ్ళు తీస్తాడు. నేను మా మామయ్యను నింపాదిగా నడిపించుకుంటూ వెళ్ళి, వాణ్ణి నడుము పట్టి ఎత్తి కుదేశాను. మూడుసార్లు. వంటింట్లోంచి అమ్మ "శభాష్ అన్నియ్యా!" అని అరిచింది.

"నాన్నా, సైకిలు!" అన్నాను, రిమోటు ఇంకా కింద పెట్టకుండానే.

ఏ సైకిలని బొడోబాబు అడిగాడు. మొత్తం చెప్పేశాను. "మాట ఇచ్చావు కదా? ఠీక్ హై. మా అమ్మాయి అయిదేళ్ళ నుంచి సైకిలు మీదే పోతాది" అని టీ తాగేసి, వాన తగ్గగానే వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటాడో లేదో, "ఇది చెల్లదు" అన్నాడు నాన్న. "నాను జడ గుంటని తీసుకోలేదు. తీసుకునుంటే దీని పని అయిపోను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ జడ గుంట అయిదుగురు మగాళ్ళని తన్నొస్తే భుజాలెగరేస్తారు. దానికి లారీలు లేవు, కుర్రాళ్ళు లేరు. ఇది బడికెళ్తానంటే మాత్రం మీకు బెంగ. ఆ ధైర్యమేదో దీని మీద పెట్టకూడదేటి?"

నాన్న మీసం సవరించుకున్నాడు. దాని వల్ల ఏమీ కాలేదు. కాసేపటికి వరండాలో సైకిలు పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది.

సోమవారం పొద్దున్న నేను సైకిలెక్కాను. నాన్న ఇరవై గజాల వెనక తన సైకిలు మీద, ఆఫీసుకు అదే దారైనట్టు. నిజానికి ఆఫీసు రెండోవైపు. లెవెల్ క్రాసింగు దగ్గర ఆవు ఒకటి తాపీగా రోడ్డుకు అడ్డం వచ్చింది. నాకు చెమట్లు పట్టాయి.

"ఎగురు! ఎగురమ్మా! ఎడమకి! ఇప్పుడు తన్ను!" అని వెనక నుంచి ఒకటే కేకలు.

సైకిలు మీద ఎలా ఎగురుతారు? బ్రేకు పట్టి, రెండు కాళ్ళూ దూరంగా నేల మీద ఆనించి, మా మీసాలాయన లాగా నిలబడ్డాను. ఆవు నన్ను ఎగాదిగా చూసి దారిచ్చింది. అవతలికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాను. నాన్న గేటు దగ్గరే ఒంటికాలి మీద ఆగి ఉన్నాడు. రెండు బొటనవేళ్ళూ హ్యాండిలు మీద టకటకా ఆడుతూనే ఉన్నాయి.

సాయంత్రం అడిగాడు. "భయమేసిందేటే?"

"లేదు."

"నాకేసింది" అన్నాడు. "నీ బటన్లు నా చేతిలో లేవు కదమ్మా."

ఆ పై ఆదివారం ఎప్పట్లాగే జడ గుంటను పట్టుకుని, మా మామయ్యను చితక్కొట్టాడు.