ఎడమకి తిరగని ఆట

ఆ షాపులో అతన్ని అందరూ అల్లుడనే పిలిచేవారు. యజమాని పిలిచాడంటే అర్థముంది, ఆయన కూతుర్నే చేసుకున్నాడు. బిల్లు కొట్టే ఆవిడా అలాగే పిలిచేది, రిపేర్ల బల్ల దగ్గరి ముసలాయనా అలాగే పిలిచేవాడు. ఆఖరికి పెట్టెలు దింపే వ్యాను డ్రైవరు కూడా "అల్లుడుగారూ, ఇక్కడో సంతకం" అనేవాడు. ఇంతమందికి అల్లుడైనవాడికి ఎన్ని మర్యాదలు జరగాలి! అతనికి దక్కిందల్లా ఒక కుర్చీ.

కుర్చీ మంచిదే. ఎర్ర రంగు, ఎత్తు వీపు, ఆటలాడేవాళ్ల కోసమని ప్రత్యేకంగా అమ్మేది. షాపు నడిమధ్యలో వేసి ఉంటుంది. ముందు బల్ల, బల్ల మీద పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్. పొద్దున్న షట్టరు ఎత్తినప్పటి నుంచి దించేదాకా ఆ కుర్చీలో కూర్చుని ఆట ఆడడమే అతని ఉద్యోగం. పెళ్లి కుదిరినప్పుడు స్నేహితులు ఈ మాట విని కుళ్లుకుని చచ్చారు. "ఒరేయ్, నీ జాతకమేంట్రా! ఆడుకుంటే జీతమా?" అన్నారు.

అతను ఆడడని వాళ్లకి తెలియదు. స్క్రీను మీద కదిలేది ఆట కాదు, వీడియో. ఎవరో ఎక్కడో గొప్ప మెషీను మీద ఆడి రికార్డు చేసి పెట్టారు. దాన్ని నడిపించి, దానికి తగ్గట్టు అతను వేళ్లు కదిలించాలి, మౌసు జరపాలి, ఒకచోట ఒళ్లు పక్కకి వంచాలి, ఇంకోచోట "అబ్బా!" అనాలి. చుట్టూ మూగినవాళ్లు ఎంత నున్నగా నడుస్తోందో అని నోరు తెరిచి చూస్తారు. వీడియో నున్నగా నడవక చస్తుందా?

అందులో కూలిపోయిన నగరం ఒకటుంది. తుపాకీ పట్టుకున్న మనిషి వీధుల్లో పరిగెత్తుతుంటాడు. ఒక కూడలి వస్తుంది. కుడివైపు తిరుగుతాడు. ఎప్పుడూ కుడివైపే. ఎడమవైపు సందు నీడలో అలా ఉండిపోతుంది. కాలేజీ మానేసి మరీ ఆటలాడినవాడు అతను, ఆ సందు కనబడ్డ ప్రతిసారీ వేళ్లు జివ్వుమనేవి. తిరగాలనిపించేది. ఎలా తిరుగుతాడు? ఎవరో ఎప్పుడో కుడికి తిరిగేశారు, అయిపోయింది.

ఇల్లు షాపు మీదే. పై గదుల్లోంచి దిగే మెట్లు తిన్నగా షాపులోకే తెరుచుకుంటాయి. వీధిలోకి వేరే గుమ్మం లేదు. చెప్పులు వేసుకుని బయటికి పోవాలంటే మామగారి కౌంటరు దాటాలి. దాటే ప్రతిసారీ ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఎక్కడికి అల్లుడూ?" అంటాడు. కోపంగా కాదు, ప్రేమగానే. "ఊరికే" అంటే, "ఊరికే ఎందుకూ, టీ ఇక్కడికే తెప్పిస్తా కూర్చో" అంటాడు.

మామగారు చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఓ దండం పెట్టి ఎప్పుడో బయటపడేవాడు. ఆయన పనీపాటా లేనివాడికి పిల్లనిచ్చాడు, నీడనిచ్చాడు. జ్వరం వస్తే పక్కన కూర్చుని నుదుటిమీద తడిగుడ్డ వేశాడు. తడిగుడ్డ వేసిన మనిషితో మీరు చేసేది మోసమండీ అని ఎలా అంటాడు?

ఆ మోసం కూడా కోరి చేసింది కాదు, మొండితనంతో మొదలైంది. మామగారు టీవీలు అమ్మి పైకొచ్చినవాడు. టీవీల్లో ఫోర్‌కే అనే మాట బాగా అమ్ముడుపోయింది. ల్యాప్‌టాపులకీ అదే సూత్రమనుకుని, ఎవరినీ అడక్కుండా, ఫోర్‌కే స్క్రీను ఉన్న గేమింగ్ ల్యాప్‌టాపులు ఒక వ్యానెడు దింపించాడు. స్క్రీను అద్దంలా ఉంది. లోపల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు మాత్రం ఆ స్క్రీనుకి సరితూగేది కాదు. అసలు ఆట తెరిస్తే మనిషి పరిగెత్తడు, కుంటుతాడు. రిపేర్ల ముసలాయన వాటికి ఏనుగులని పేరు పెట్టాడు. "చూడ్డానికి బాగుంటాయి, మేపలేం" అనేవాడు, మామగారు వినకుండా. ఆ ఏనుగుల్ని తోలడానికే వీడియో పుట్టింది, ఎర్ర కుర్చీ పుట్టింది, అల్లుడికి ఉద్యోగం పుట్టింది.

ఒక మధ్యాహ్నం పైన అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు అతని చెల్లెలు ఫోను చేసింది. ఆ పిల్ల గొంతు పక్కింటికి కూడా వినిపిస్తుంది, స్పీకరుతో పని లేదు.

"అన్నయ్యా, గేమింగ్ టీమ్‌లో చోటు ఖాళీ అయింది! సెలక్షన్‌కి నన్ను పిలిచారు. కానీ నా పాత డబ్బా ల్యాప్‌టాప్‌తో అయితే రావద్దన్నారు. నిజమే మరి, ఆటలో నేను చచ్చిపోయాక తెలుస్తోంది నన్నెవరు కాల్చారో! ఆదివారం మీ షాపుకొస్తా. నువ్వు ఏది కొనమంటే అది కొంటా, సరేనా?"

అతను నోరు తెరిచేలోపు మామగారు చెయ్యి కడుక్కుంటూ అందుకున్నాడు. "చెల్లాయేనా? రమ్మను, రమ్మను! మన పిల్లకి మామూలుది ఇస్తామా? ఫోర్‌కేదే ఇద్దాం. జీవితాంతం చెప్పుకుంటుంది."

"విన్నావా అన్నయ్యా, ఫోర్‌కేనట! థాంక్స్ బాబాయిగారూ!" అని ఫోను పెట్టేసింది.

అతనికి ముద్ద దిగలేదు. ఆ పిల్లకి మౌసు పట్టడం నేర్పింది తను. ఇంట్లో ఆ పిల్లకి ఆటల పిచ్చి అంటించిందీ తనే. ఇప్పుడా చోటు కాస్తా పోతే పోగొట్టేదీ తనే అవుతాడు. భార్యతో వంటింట్లో గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె గిన్నె తోముతూ వింది.

"అయితే చెప్పు, అది పనికిరాదని."

"మీ నాన్న ముందా?"

"ఫోన్లో చెప్పు మీ చెల్లికి."

"చెప్తే, ఇక్కడికొచ్చి ఫోర్‌కే వద్దంటుంది. మీ నాన్న ఎందుకమ్మా, నీకెవరు చెప్పారు అంటాడు. దాని మొహానికి అబద్ధం అంటదు. మా అన్నయ్యే అనేస్తుంది."

"ఇంతకీ నీకు కావలసిందేంటి? మీ చెల్లి బాగుపడాలా, మా నాన్న దగ్గర మంచి అల్లుడివి అనిపించుకోవాలా?"

"రెండూ."

"రెండూ కావాలంటే దేవుడికే కుదర్లేదు," అని ఆమె కుళాయి కట్టేసింది.

చెల్లెలికి మెసేజ్ టైపు చేశాడు, చెరిపేశాడు. మళ్లీ టైపు చేశాడు, మళ్లీ చెరిపాడు. ఆదివారం వచ్చేసింది.

ఆ పిల్ల వీపున సంచీతో, మొహమంతా నవ్వుతో దిగింది. మామగారు లేచి ఎదురెళ్లాడు. "రా తల్లీ, రా! అల్లుడూ, చూపించు." షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. హెడ్‌ఫోన్లు చూస్తున్న ఒక బట్టతలాయన కూడా వచ్చి నిలబడ్డాడు. అల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. వీడియో మొదలైంది. వేళ్లు అలవాటుగా కదిలాయి. చెల్లెలు మొదట స్క్రీను చూసింది, తర్వాత అతని చేతులు చూసింది. ఇంతకాలం ఒక్కళ్లు కూడా అతని చేతులు చూడలేదు. స్క్రీను అంత వెలుగుతుంటే చేతులెవరు చూస్తారు? ఆ చేతుల దగ్గర ఆట నేర్చుకున్న పిల్ల చూసింది.

కూడలి వస్తోంది.

"అన్నయ్యా," అంది మామూలుగా, "ఒకసారి ఎడమకి తిప్పు."

స్క్రీను మీద మనిషి కుడికి తిరిగాడు.

"ఎడమకి అన్నా."

"అటు దారి లేదు తల్లీ," అన్నాడు మామగారు. 

"ఉంది బాబాయిగారూ, సందు కనబడుతోందిగా."

అందరూ స్క్రీను మీంచి అల్లుడి వైపు చూశారు. మామగారు కళ్లజోడు పైనుంచి చూస్తున్నాడు. ఆ చూపులో ఏదో ఒకటి చెప్పి సర్దేయ్ అని ఉంది. ఆ మాట కూడా అతని నోటిదాకా వచ్చింది. చార్జింగు తక్కువగా ఉంది, మౌసు పాడయింది, ఏదైనా సరిపోయేది. చెల్లెలు మాత్రం అతను ఏం చెప్తే అది నమ్మడానికి సిద్ధంగా నిలబడింది. అదే భరించలేకపోయాడు. వీడియో ఆపేశాడు. స్క్రీను మీద దాని గుర్తు కనబడాలని ఎక్కించి, కొనేవాళ్ల ముందు ఎన్నడూ తెరవని అసలు ఆటను తెరిచాడు.

కూలిన నగరం వచ్చింది. మనిషి ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఇంకో అడుగు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ల్యాప్‌టాప్ కింద గాలిపంకా బుస్సుమంది. కుంటుకుంటూ కూడలి దాకా తీసుకెళ్లి ఎడమకి తిప్పాడు. సందులో ఒక గోడ, విరిగిన బల్ల. అంతే.

"ఇది నీకు పనికిరాదు," అన్నాడు. "పక్క మోడలుకంటే దీని స్క్రీనుకి నాలుగింతలు చుక్కలు, అదే పిక్సెళ్లు. ఆటలో ప్రతి బొమ్మకీ ఈ చుక్కలన్నిటికీ రంగు వెయ్యాలి. లోపలి చిప్పుకి అంత చేతకాదు. ఒక్క ఇంటికి సున్నం వేసేవాడికి వీధి మొత్తం అప్పజెప్పినట్టు."

"రిజల్యూషన్ తగ్గించి ఆడితే?"

"ఆడొచ్చు. తగ్గించేదానికి ఈ స్క్రీను ఎందుకు కొనడం? తగ్గించినా ఇది సెకనుకి అరవై సార్లే బొమ్మ మారుస్తుంది. నీ ఎదుటివాళ్ల స్క్రీన్లు నూట నలభై నాలుగు మారుస్తాయి. వాడు నిన్ను చూసేసరికి నువ్వు వాణ్ణి ఇంకా చూసుండవు."

"అదే కదా నా ఏడుపు!"

"అందుకే ఆ చివర నల్లది తీసుకో. ఫుల్ హెచ్‌డీ. చూడ్డానికి సాదాగా ఉంటుంది. ఈ సైజు స్క్రీనుకి, నువ్వాడే ఆటకి అది చాలు. ఇది ఫోటోలు దిద్దుకునేవాళ్లకైతే బంగారం, నీకు కాదు."

మామగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చెల్లెలు నల్లది తెరిచి, అసలు ఆటే ఆడి, ఎగిరి గంతేసి, పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ అన్న చెవిలో, "వీడియోకి వేళ్లు భలే కలిపావు అన్నయ్యా," అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతనికి తేలలేదు.

ఆదివారం షాపు ఒంటిపూటే. షట్టరు సగం దించారు. అల్లుడు కుర్చీలోంచి లేవలేదు. విచిత్రంగా ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇంకేముంది, గెంటేస్తాడు. గెంటేస్తే సామాన్లు సర్దుకోవాలి, ఏదో ఒక గది చూసుకోవాలి, ఎవరి కాళ్లో పట్టుకుని ఏదో పని వెతుక్కోవాలి. కష్టమే. అయినా ఆ గదికి వీధిలోకి తెరుచుకునే తలుపు ఉంటుంది. ఆ తలుపు రంగు కూడా ఊహించుకున్నాడు. భార్య వస్తుందా? వస్తుందనే అనిపించింది. మామగారు లెక్కలు ముగించి, నెమ్మదిగా నడిచొచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు చెప్పకుండా ఎంత పని చేశావు అల్లుడూ," అన్నాడు.

"తప్పే మావయ్యగారూ. మీరు పొమ్మంటే పోతాను."

"పోవడమేంటి?" మామగారు అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఆ బట్టతలాయన హెడ్‌ఫోన్లకొచ్చి ల్యాప్‌టాప్ కొని పోయాడు! సొంత సరుకు బాలేదని సొంత అల్లుడే చెప్పే షాపు ఇంకెక్కడుంది అన్నాడు. వెనకే ఇంకొకతనూ కొన్నాడు, ఆ నల్లవాటిలోనే, పై రకం. ఇన్నాళ్లూ నీ చేత వేళ్లు ఆడించి తప్పు చేశాను. రేపట్నుంచి వీడియో వద్దు. ఇదే చూపిద్దాం."

"ఏది?"

"నిజమే! ముందు ఫోర్‌కేలో అసలు ఆట తెరువు. కుంటనీ. చూసేవాళ్ల మొహాలు వాడాక, ఇది మీకు పనికిరాదండీ అను. తర్వాత పక్కదాని దగ్గరికి తీసుకెళ్లు."

"మావయ్యగారూ, అది మా చెల్లి కాబట్టి..."

"అందర్నీ చెల్లెళ్లే అనుకో!" అని మామగారు ప్రేమగా వీపు తట్టి, షట్టరు పూర్తిగా దించేశాడు. మెట్ల మీద నిలబడి అంతా విన్న భార్య దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది.

సోమవారం పొద్దున్నే ఒక కుర్రాడూ వాళ్ల నాన్నా వచ్చారు. అల్లుడు కుర్చీలో కూర్చుని అసలు ఆట తెరిచాడు. మనిషి కుంటాడు. తండ్రి మొహం వాడింది.

"ఇది మీకు పనికిరాదండీ," అన్నాడు అల్లుడు. "దీనికి నాలుగింతలు చుక్కలు. ఒక్క ఇంటికి సున్నం వేసేవాడికి..."

కౌంటరు వెనక నుంచి మామగారు చిన్నగా దగ్గాడు. అల్లుడు చూశాడు. ఆయన అరచేయి గాల్లో కిందికి అదుముతూ సైగ చేశాడు. తొందరపడకు, నిన్న ఇంత గబగబా చెప్పలేదు, కాస్త బాధపడుతూ చెప్పావు, అలా చెప్పు అని.

అతను ఊపిరి తీసుకున్నాడు. తల వంచాడు. కాస్త బాధపడుతూ చెప్పాడు.

తండ్రి కదిలిపోయి అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీలాంటివాళ్లు ఉండాలి బాబూ," అన్నాడు.

"నల్లది ఆ చివర ఉందండీ," అన్నాడు అల్లుడు. "రండి, చూపిస్తాను."